మామ చేసిన మూగ పియానో

పోయిన వారం మదనపల్లెలో రక్తపోటు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాను. నా చేతికి పట్టీ చుట్టిన నర్సమ్మాయి ఒకసారి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. చివరికి నా అరచేతి మీద తన చెయ్యి అదిమిపెట్టి, "అవ్వా, వేళ్లాడించొద్దు. నువ్విట్లా ఆడిస్తాంటే లెక్క తప్పుగా వస్తాది" అంది. చూసుకుంటే నిజమే. బల్ల అంచు మీద నా ఎడమచేతి వేళ్లు వాటంతట అవే ఒక కీర్తన చరణం వాయించుకుంటున్నాయి. వణుకుడు రోగమేమో పెద్ద డాక్టరుకు చూపించుకోమని ఆ అమ్మాయి మంచి మనసుతోనే చెప్పింది. రోగం కాదు తల్లీ, అలవాటు అన్నాను. ఆ అలవాటు ఎలా వచ్చిందో అక్కడే చెబుదామంటే వరసలో నా వెనక చాలామంది ఉన్నారు. అందుకని ఇంటికొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న సంఘంలో ఉపదేశి. పాస్టరుగారు ఏ ఊరికి పొమ్మంటే ఆ ఊరికి పోయి, పల్లెపల్లెకూ సైకిలు తొక్కి, ప్రార్థనలు జరిపించడం ఆయన పని. మదనపల్లెలో కొన్నాళ్లు, కుప్పం పక్క పల్లెల్లో కొన్నాళ్లు, మళ్లీ మదనపల్లె, ఆ తర్వాత పుంగనూరు. మా సామాన్లు ఎప్పుడూ సగం మూటల్లోనే ఉండేవి. కొత్త ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా అమ్మ ఆలోచించేది, పీకేటప్పుడు సున్నం ఊడుతుందని. అంత అస్థిమితంలో నేను ఏ బడిలోనూ పరీక్షల దాకా నిలవలేదు. అమ్మే నాకు బడి. వంటింటి గడపలో కూర్చోబెట్టి, చింతగింజలతో ఎక్కాలు నేర్పింది, బైబిలుతో చదవడం నేర్పింది, పాత దినపత్రికల మీద దేశాలు చూపించింది. తిరగమోత వేస్తూనే నా తప్పులు దిద్దేది. ఆవాలు చిటపటమన్నప్పుడు చదివిన వాక్యం మళ్లీ చదవమనేది. అంత మంచి టీచరు మరెవరికీ దొరికి ఉండదని ఈ రోజుకీ దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆమె ఇవ్వలేకపోయినది ఒక్క సర్టిఫికెట్టే. అది లేకపోతే ఏ ఉద్యోగానికీ పనికిరానన్న సంగతి నాకు పద్దెనిమిదేళ్లు వచ్చాక గానీ తెలియలేదు.

పియానో మాత్రం అమ్మ నేర్పింది కాదు. మదనపల్లెలో మేము మిషన్ ఆసుపత్రి వెనక వరసిళ్లలో ఉన్నప్పుడు, విదేశం నుంచి వచ్చి అక్కడే జీవితమంతా పనిచేసిన ఒక డాక్టరమ్మ ఉండేది. సాయంకాలం వార్డులన్నీ చూసి వచ్చి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పియానో ముందు కూర్చునేది. కిటికీ బయట నిలబడి వింటున్న నన్ను ఒక రోజు లోపలికి పిలిచింది. ముందు నా గోళ్లు చూసింది. తర్వాత నా చేతిని పియానో మెట్ల మీద, అంటే వేళ్లతో నొక్కే ఆ తెల్ల నల్ల పలకల మీద పెట్టి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపించి చూసుకుని తల ఊపింది. అప్పటి నుంచి ఆమె ఊరు విడిచే వరకు నేర్పింది. ఫీజు లేదు, తిట్లు మాత్రం తప్పలేదు. ఆమె పదవీ విరమణ చేసి తన దేశం వెళ్లిపోతూ పియానోను ఆ ఊళ్లోని ఆడపిల్లల బడికి ఇచ్చింది. అదే నెలలో నాన్నకు పుంగనూరు బదిలీ అయింది. గురువూ వాద్యమూ ఊరూ ఒక్కసారే పోయాయి. పుంగనూరు చర్చిలో డప్పు, తాళాలు తప్ప మరేమీ లేవు.

ఏడాది దాటాక, వేసవి మొదట్లో, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిలమ్మ మదనపల్లె నుంచి బస్సు దిగి నాకొక కబురు తెచ్చింది. డాక్టరమ్మ పియానో ఉన్న ఆ బడిలో పాటల టీచరమ్మ మానేస్తోందట. బడి నడిపే పెద్దమ్మగారికి డాక్టరమ్మ నా పేరు చెప్పి పోయిందట. బడి తెరిచే రోజు పొద్దున ప్రార్థనలో పిల్లలందరి ముందు ఒక్కో గొంతుకూ ఒక్కో వరస ఉండే నాలుగు గొంతుల కీర్తన ఒకటి రెండు చేతులా వాయించగలిగితే పని నాదే. సర్టిఫికెట్టు అడగరు. అమ్మ ఆ మాట విని కొంగుతో కళ్లొత్తుకుంది. నేను మాత్రం నా వేళ్ల వైపు చూసుకున్నాను. ఏడాదిపైగా ఒక్క మెట్టు మీదా వేలు పెట్టలేదు. కీర్తన మనసులో ఉంది, వేళ్లలో లేదు. నన్ను కాగితం అడగని చోటు ఈ లోకంలో అదొక్కటే అని తెలిశాక కుదురుగా కూర్చోలేకపోయాను. నాకొక పని కావాలి. ఇంకొకరి బదిలీతో కదలని చోటు కావాలి.

ఆ సమయంలోనే కుప్పం నుంచి మామ దిగాడు. అమ్మకు తమ్ముడు. చేతిలో మంచి పనితనం, కాలికి మాత్రం నిలకడ లేదు. ఏ పనైనా మొదలుపెట్టేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. సగానికొచ్చేసరికి ఇంకో పని కనపడేది. కుప్పంలో ఆయన ఇంట్లో ఒకే గొలుసుతో వేలాడే ఉయ్యాల, పెట్టె లేని రేడియో, తలుపుల్లేని బీరువా ఉండేవి. నా సంగతంతా విని మోకాలి మీద చరుచుకున్నాడు.

"నీకు కావాల్సింది మెట్లే కదమ్మీ? పాట నీ బుర్రలో ఉండాది. వేళ్లకు నడిచే దారుంటే సాలు. ఆ మెట్లు నేను చేస్తా. పలకవు, అంతే కదా!"

"నువ్వా?" అంది అమ్మ. "నాకు చేస్తానన్న ముక్కాలిపీట ఇంగా రెండు కాళ్లతోనే ఉండాదిరా."

"నువ్వు రెండు కాళ్లతోనే నిలబడుకోనుండావు కదక్కా. పీటకు మాత్రం మూడు యాల?"

మర్నాడే పని మొదలైంది. ఆసుపత్రికి మందులు వచ్చిన దేవదారు పెట్టెలు మా ఇంట్లో నాలుగున్నాయి, బట్టలు పెట్టుకోవడానికి తెచ్చుకున్నవి. అమ్మ బట్టలన్నీ మళ్లీ మూటలకెక్కాయి. కొలత కావాలంటే పియానో లేదు కాబట్టి మామ నా చెయ్యే కొలతగా తీసుకున్నాడు. కాగితం మీద చెయ్యి చాపించి చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. చాపిన ఆ చేతి కింద ఎనిమిది తెల్ల మెట్లు పట్టాలని డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్న లెక్క నేను చెప్పాను. రంపంతో కోసి, చిత్రిక పట్టి, ఒక్కో మెట్టుకూ మధ్యలో బెజ్జం వేసి, అన్నిటినీ ఒక ఇనుప చువ్వకు గుచ్చాడు. నొక్కిన మెట్టు మళ్లీ పైకి లేవడానికి కింద సైకిలు ట్యూబు ముక్కలు అతికించాడు. తెల్ల మెట్లకు అమ్మ చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు రుద్ది, పాత పంచెతో నునుపు తేల్చింది. ఇల్లంతా దేవదారు పొట్టు. అన్నంలో కూడా ఆ వాసనే.

నల్ల మెట్లకు ఏం వాడాలన్నది రెండు రోజులు తేలలేదు. చివరికి మామ నన్ను వెంటబెట్టుకుని బజారువీధిలో కొమ్ము దువ్వెనలు చేసే సాయిబు దగ్గరికి పోయాడు. సాయిబు గేదె కొమ్మును మంట మీద కాస్త వేడిచేసి, వంపు తీసి, పలకగా నొక్కి, మా ముఖాలు మార్చిమార్చి చూశాడు.

"దువ్వెనంటే పండ్లు కోయాల అప్పా. పండ్లు వద్దంటాండావు, పిడి వద్దంటాండావు. దీంతో ఏం దువ్వుతారు?"

"చెవులు దువ్వుతారు సాయిబూ" అన్నాడు మామ.

"అరే! మా ఇంట్లో ఆమె నోటితోనే దువ్వేస్తాది. దానికి కొమ్ము అక్కర్లే" అని నవ్వుతూనే ముక్కలు కోసిచ్చాడు. అవి వేలికి చల్లగా, నున్నగా తగిలేవి. అసలు పియానో నల్ల మెట్లకన్నా అవే బాగుండేవని నాకిప్పటికీ అనిపిస్తుంది.

అంతా అయ్యాక మామ దాన్ని వసారాలో చాప మీద పెట్టి, పైన తుండుగుడ్డ కప్పి, అందరినీ పిలిచాడు. మా నాన్న చిన్న ప్రార్థన కూడా చేశారు. గుడ్డ తీశాడు. ముద్దుగా ఉంది, మెట్లు సరిగ్గా ఉన్నాయి, కానీ ఉండాల్సినదాంట్లో సగానికి కాస్త మించి ఉన్నాయంతే. కుడిచేతికి మాత్రమే సరిపోతాయి.

"ఎడంచెయ్యికి మెట్లేవి మామా?"

మామ నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఎడంచెయ్యికి మెట్లు యాలమ్మీ? ఎడంచేత్తో గాలి కొట్టాల కదా!"

ఆయన తప్పేమీ లేదు. పుట్టినప్పటి నుంచి ఆయన చూసిన మెట్ల వాద్యం హార్మోనియం ఒక్కటే. కుప్పంలో భజనల్లో చూసినా, చర్చిలో చూసినా, మనిషి చాప మీద కూర్చుని ఎడంచేత్తో వెనక తిత్తి ఆడిస్తూ కుడిచేత్తో వాయించేవాడు. పియానో అంటే అదే మరికాస్త పెద్దది, దొరసాన్లది అనుకున్నాడు. రెండు చేతులా వాయిస్తారని నేను చెబుతూనే ఉన్నాను. ఒక చెయ్యి మెట్లకు, ఒక చెయ్యి తిత్తికి అని ఆయన వింటూనే ఉన్నాడు. అటువైపు మేకులు దించేసిన గట్టి పలక ఉంది, పొడిగించడానికి లేదు. నాకు ఏడుపొచ్చింది. మామ ముఖం చూసి మింగేశాను.

"ఏం పోయింది? ఎడంచెయ్యికి ఇంగో పెట్టె చేసి పక్కన పెడతా" అని, మిగిలిన దేవదారు పలకలు కట్టగట్టుకుని, "ఇంగ దీనికి సువ్వ తేవాల, కుప్పంలో మా దోస్తు కొట్టు ఉండాది. ఇట్లా పోయి అట్లా వస్తా" అని బస్సెక్కాడు.

పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. నేను కుడిచేతిని పట్టుకుని కూర్చున్నాను. పొద్దున, మధ్యాహ్నం, నీళ్లు తెచ్చాక, అంట్లు కడిగాక, ఖాళీ దొరికితే చాలు టకటకమని మెట్లు నొక్కేదాన్ని. శబ్దం రాదు కాబట్టి తప్పు నొక్కానో ఒప్పు నొక్కానో చెవి చెప్పదు. వేలు ఎంత దూరం పోయిందన్నదే గుర్తు. కొన్నాళ్లకు పక్కింటామె తన కొడుకు రేషను అర్జీ పట్టుకుని వచ్చి, "మీ ఇంట్లో టైపు మిషను కొడతాండారంట కదా, ఇది కొట్టియ్యమ్మా" అంది. లోపలికి పిలిచి చూపించాను. మెట్టు నొక్కి చూసింది, చెవి ఆనించింది, వెనక్కి వంగి చూసింది. "ఏం కొడతాండావమ్మా దీన్ని? రాయదు, పలకదు" అంది. ఆ అర్జీ నేను చేత్తో రాసిచ్చాను. ఆ తర్వాత వీధిలో నా మీద కాస్త జాలి పెరిగిందని అమ్మ చెప్పింది.

ఎండలు ముదిరాయి. మామిడికాయలు పండి బండ్లమీదికొచ్చాయి. మామ జాడ లేదు. నా ఎడమచెయ్యి ఖాళీగా ఉండలేక దొరికినదాని మీదల్లా ఆడేది. పీట మీద, చెంబు మీద, తింటున్న పళ్లెం అంచు మీద. నాన్న ప్రార్థిస్తుంటే బైబిలు అట్ట మీద. "దేవుని ముందు కూడా చేతులు కట్టుకోలేవా?" అని అమ్మ కోప్పడింది. నాన్న కళ్లు తెరవకుండానే, "ఆయనకు వినపడతాండాదిలే, వాయించనీ" అన్నారు. ఆ మాటకు నాకొచ్చిన ఏడుపు ఇంకో రకం.

ఇక ఆగలేక ఒక పొద్దున అమ్మా నేనూ కుప్పం బస్సెక్కాం. మామ ఇంటి పెరట్లో మా దేవదారు పలకలు ఎండలో పడున్నాయి. పక్కన మామ గుడ్ల పెట్టె చేస్తున్నాడు. లాంతరు వేడితో కోడి లేకుండానే గుడ్లు పొదిగించే పెట్టె అట. మమ్మల్ని చూసి సంబరంగా లేచి, అందులో గాలి ఎట్లా తిరుగుతుందో చెప్పబోయాడు.

"ముందు దీని గుడ్డు పొదుగురా" అంది అమ్మ నా భుజం పట్టుకుని. "బడి తెరిసే దినం దగ్గిరికొచ్చింది. ఆ బడి తప్పితే ఈ బిడ్డకు ఇంగో బడి లేదు. అది అయ్యేదాకా నేను ఈడనే కూర్సుంటా, నీ అన్నమే తింటా."

మామ నా వైపు చూశాడు. నా చేతివేళ్లు పక్కనున్న గుడ్ల పెట్టె మూత మీద ఆడుతున్నాయి. ఆయన ఆ వేళ్లనే కాసేపు చూసి, ఉలి కింద పెట్టి, మా పలకలు ఎత్తుకున్నాడు. అమ్మ చెప్పినంత పనీ చేసింది. ఆయన కన్ను గుడ్ల పెట్టె మీదికి పోయినప్పుడల్లా గట్టిగా దగ్గేది. మామ మొదలుపెట్టి ముగించినది మా వంశంలో అందరికీ తెలిసి ఎడమచేతి పెట్టెతో పూర్తయిన ఆ మూగ పియానో ఒక్కటే. ఆ పెట్టెను గోనెగుడ్డలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు వంగి చూసి, "కోళ్లా? కోళ్లకు టిక్కెట్టు కొట్టాల" అన్నాడు. "కోళ్లు కుప్పంలోనే ఉండిపోయినాయిలే అప్పా" అంది అమ్మ.

పుంగనూరులో రెండు పెట్టెలూ ట్రంకు మీద పక్కపక్కన పెట్టి చూశాం. మధ్యలో కుడి పెట్టె గోడ ఒకటి, ఎడమ పెట్టె గోడ ఒకటి. రెండూ కలిసి ఒక మెట్టంత వెడల్పు సందు. మాతో వచ్చిన మామకు చూపించాను.

"ఆ గోడలకే సువ్వ బిగించిండేది. తీస్తే మొత్తం ఊడి ఒళ్లో పడతాది" అన్నాడు. సందులో వేలు పెట్టి చూసి, "ఆడ ఇంగో మెట్టు ఉండాదనుకో అమ్మీ. పలకదనుకో. ఇంగ మిగిలినవన్నీ ఏమన్నా పలుకుతాండాయా?"

మిగిలిన రోజుల్లో ఆ సందును దాటి దాటి రెండు చేతులూ కలిపాను. అమ్మ బియ్యం ఏరుతూ రాగం పాడేది, మిగతా గొంతులు నేను లోలోపల పాడుకునేదాన్ని. బడి తెరిచే నాటికి ఒక్క చోట కూడా వేలు తడబడలేదు. కనీసం నేను అలా అనుకున్నాను.

ఆ పొద్దున మదనపల్లెలో సన్నగా తుంపర. ప్రార్థన గదిలో పిల్లలు వరసలుగా నిలబడ్డారు, తలలకు కొత్త రిబ్బన్లు. పెద్దమ్మగారు పక్క కుర్చీలో. అమ్మ తలుపు దగ్గర. డాక్టరమ్మ పియానో నన్ను గుర్తుపట్టినట్టే అనిపించింది. మొదటి మెట్టు నొక్కగానే వచ్చిన శబ్దానికి ఉలిక్కిపడ్డాను. నా వేలికి మెట్టు బదులు పలికి ఏడాది దాటింది. మొదటి పాదం బాగానే నడిచింది. రెండో పాదంలో ఎడమచెయ్యి కుడివైపుకు జరిగి మెట్ల వరస నడుమను దాటాల్సిన చోట దాటింది, చెవులు పగిలేటంత అపస్వరం. పిల్లలు కిసుక్కుమన్నారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అదే చోట, అదే అపస్వరం. పెద్దమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది మంచి సూచన కాదు.

అప్పుడు కిందికి చూస్తే తెలిసింది. నా ఎడమచెయ్యి అక్కడ లేని రెండు గోడలను దాటుతోంది. సందు దాటడానికి ఒక మెట్టు ఎక్కువ సాగడం నేర్చుకుంది. ఇక్కడ సందు లేదు, కాబట్టి ప్రతిసారీ పక్క మెట్టు మీద పడుతోంది. దిద్దుకోవడానికి రోజులు పడతాయి. నాకున్నది ఒక ఊపిరి పీల్చుకునేంత సమయం. ప్రభువా అని మాత్రం అనుకున్నాను, ఇంకేం అడగాలో తోచలేదు. మూడోసారి వాయించాను. ఎడమచేతిని ఎడమవైపే ఉంచాను, కుడిచేతిని కుడివైపే. నడుమను దాటాల్సిన ప్రతి స్వరాన్నీ వదిలేశాను. కింద గొంతు ఉంది, పైన రాగం ఉంది, మధ్యలో చాలాచోట్ల ఏమీ లేదు. కీర్తన బక్కచిక్కి వినపడింది. కానీ తాళం తప్పలేదు, ఆగలేదు. ఆ ఖాళీల్లోకి ముందు ఒక వరస పిల్లలు, తర్వాత అందరూ గొంతెత్తి పాడటం మొదలుపెట్టారు. చివరి చరణానికి నా వాయింపు నాకే సరిగ్గా వినపడలేదు.

పాట ఆగాక పెద్దమ్మగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత అన్నారు: "పాత టీచరమ్మ వాయించేటప్పుడు పిల్లల గొంతు నాకెప్పుడూ ఇంతగా వినపడలేదమ్మా. నడుమ స్వరాలు యాడ పోయినాయో నేనడగను. పోయిన చోట నుంచి వెతుక్కొని రా. సోమవారం నుంచి పనిలో చేరు."

తలుపు దగ్గర అమ్మ అప్పటికే మోకాళ్ల మీద ఉంది.

ఆ నడుమ స్వరాలను వెతుక్కోవడానికి ఆ వానాకాలమంతా పట్టింది. తలుపులేసుకుని రోజూ సాయంత్రం డాక్టరమ్మ పియానో ముందు ఎడమచేతికి లేని గోడలను మరిపించాను. ఎనభైల్లో నాన్నకు మళ్లీ కుప్పం బదిలీ అయింది. మూటలు కట్టారు, నేను మాత్రం మదనపల్లెలోనే ఉండిపోయాను. ఒకసారి మామ నన్ను చూడ్డానికి వచ్చి, ఆడపిల్లల బడి కాబట్టి కిటికీ బయట నిలబడి ప్రార్థన మొత్తం విన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, ఆయన స్వభావానికి విరుద్ధంగా, చాలాసేపు ఒకేచోట నిలబడ్డాడు. "ఇంత శబ్దముంటాదని తెలిసింటే ఇంగా బాగా చిత్రిక పట్టింటా కదమ్మీ" అన్నాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. అమ్మా నాన్నా పోయారు. ఆ బడిలో నేను ఎన్ని వేల పొద్దులు వాయించానో దేవునికే తెలియాలి, అన్నీ కలిసి నా తలపులో ఒక చిన్న మధ్యాహ్నమంత అయిపోయాయి. కుప్పం బస్సు కోసం ఎదురుచూసిన ఆ ఒక్క వేసవి మాత్రం ఇంకా తరగకుండా అలాగే ఉంది. మనిషి నెమ్మదిగా బతికిన ఏళ్లను కాలం ఇట్టే తీసుకుపోతుంది గానీ, తొందరపడి తల్లడిల్లిన రోజులను మాత్రం మనకే వదిలేసి పోతుంది కాబోలు.